పక్కింటి గొడవకు 100కి ఫోన్ చేస్తే వచ్చిన పోలీసులు ఏం చేయాలి, ఏం చేయగలరు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. రాత్రి పదకొండు దాటాక పక్క వాటాలో భర్త భార్యను కొడుతున్న చప్పుడు, పిల్లల ఏడుపు విని మీరు 100కి ఫోన్ చేశారు. పెట్రోలింగ్ వాహనంలో ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి భార్యాభర్తలిద్దరితోనూ కలిపి మాట్లాడి, ఏదైనా ఉంటే పొద్దున పెద్దవాళ్లను పెట్టి తేల్చుకోండని చెప్పి పది నిమిషాల్లో వెళ్లిపోయారు. మరునాడు ఆమె చెంప వాచి కనిపించింది. పోలీసులు చేయవలసింది ఇంతేనా, అంతకు మించిన అధికారం వారికి లేదా, మళ్లీ ఫోన్ చేస్తే ఆమెకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నవి మీ సందేహాలు.

నేను ఎస్సైగా చేరి సీఐగా పదవీ విరమణ చేసినవాణ్ని. ఉద్యోగంలో ఎక్కువ భాగం తెలంగాణలోని పట్టణ స్టేషన్లలోనూ, కొంతకాలం మహిళా పోలీస్ స్టేషన్‌లోనూ గడిచింది. ఆ ఇద్దరు చేసిన పని చాలదన్నదే నా జవాబు. అయితే వారు ఏ పని చేయకపోవడం తప్పో మాత్రం చాలామంది అనుకునే దానికి భిన్నంగా ఉంటుంది. ఆ రాత్రి అతన్ని అరెస్టు చేయకపోవడం చట్టరీత్యా తప్పు కాకపోవచ్చు. ఇద్దరినీ విడదీసి మాట్లాడకపోవడం, ఆమె ఒంటి మీది దెబ్బలను చూడకపోవడం, చూసినదాన్ని స్టేషన్ జనరల్ డైరీలో రాయకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. అరెస్టు, కోర్టు ఉత్తర్వు, శిక్ష అన్నీ తరువాత ఈ మూడింటి మీదే ఆధారపడి నిలుస్తాయి లేదా కూలిపోతాయి.

మీ ఫోన్ కాల్ ఎలా ప్రయాణిస్తుందో ముందు చెబుతాను. 100కి చేసినా, 112కి చేసినా అది కంట్రోల్ రూమ్‌కే చేరుతుంది. అక్కడ కూర్చున్నవారు మీ మాటలను రెండు మూడు వాక్యాలుగా కుదించి, సమీపంలోని పెట్రో కారుకో, మోటారు సైకిల్ మీద తిరిగే బ్లూ కోల్ట్స్ సిబ్బందికో పంపుతారు. వచ్చేవారికి మీ గొంతులోని భయం వినిపించదు, ఆ రెండు మూడు వాక్యాలే కనిపిస్తాయి. 'పక్కింట్లో గొడవ' అని చెబితే అది న్యూసెన్స్ కేసుగా, అంటే పాటల మోత, పార్కింగ్ తగాదా వంటి వాటి వరుసలో చేరిపోతుంది. 'కొడుతున్నాడు, ఆమె కేకలు వినిపిస్తున్నాయి, ఇద్దరు చిన్న పిల్లలు లోపలే ఉన్నారు, తాగి ఉన్నాడు, తలుపు గడియ వేసుకున్నాడు' అని చెబితే వచ్చేవారి నడక వేరుగా ఉంటుంది. కత్తి, కర్ర, కిరోసిన్, గ్యాస్ వంటి మాట ఏది వినిపించినా తప్పక చెప్పాలి. మీ పేరు వారికి తెలియనివ్వవద్దని అడిగే హక్కు మీకుంది, ఆ సంగతి కూడా ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పండి. లేకపోతే అత్యుత్సాహం గల కానిస్టేబుల్ ఒకరు ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, పక్కింటివారు ఫోన్ చేశారని చెప్పేసే ప్రమాదం ఉంది.

ఇక గుమ్మం దగ్గరి పని. శిక్షణలో చెప్పేదీ, అనుభవం నేర్పేదీ ఇక్కడ ఒకటే. వాహనాన్ని ఆ ఇంటి ఎదుట ఆపకూడదు, రెండు ఇళ్ల అవతల ఆపి, సైరన్ లేకుండా నడిచి వెళ్లాలి. తలుపు కొట్టే ముందు అర నిమిషం నిలబడి వినాలి, ఎందుకంటే లోపలి మాటలు అప్పుడు ఉన్నట్లుగా ఆ తరువాత మరెప్పుడూ వినిపించవు. విన్న బెదిరింపు మాటలను తరువాత ఆ మాటల్లోనే రాయాలి. తలుపుకు ఎదురుగా కాక పక్కకు నిలబడాలి. కిరోసిన్ వాసనో, గ్యాస్ వాసనో వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా ముందు అందరినీ బయటికి రప్పించాలి. లోపల కేకలు వినిపిస్తున్నప్పుడు తలుపు తీయకపోతే వారంటు కోసం ఎదురుచూడనవసరం లేదు. పోలీసు చర్య తీసుకోదగ్గ నేరం జరగకుండా అడ్డుపడడం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 168వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి విధి.

తలుపు తీసేది చాలాసార్లు భర్తే, తీస్తూనే 'ఏమీ లేదు సార్, చిన్న మాటామాటా' అంటాడు. ఆ మాటతో వెనుదిరిగే పోలీసు తన పని మొదలుపెట్టనట్టే. ఎవరి కోసం ఫోన్ వచ్చిందో ఆ మనిషిని కళ్లారా చూడకుండా, ఆమెతో విడిగా మాట్లాడకుండా ఆ ఇంటి నుంచి కదలకూడదు. ఒకరు భర్తను వరండాలోకో, వీధిలోకో తీసుకువెళ్లి మాటల్లో పెడితే, రెండోవారు ఆమెతో ముందు గదిలో మాట్లాడాలి. భర్త చూపు ఆమె మీద పడకూడదు, కానీ పోలీసులిద్దరూ ఒకరికొకరు కనిపిస్తూ ఉండాలి. మంచినీళ్లు తెస్తానని ఎవరు లేచినా వంటింట్లోకి పోనివ్వకూడదు, ఎందుకంటే కత్తిపీట, రోకలి, సిలిండర్ అన్నీ ఉండేది అక్కడే. అత్తగారినో, ఆడపడుచునో మధ్యలో కూర్చోబెట్టి ఆమె మాట వినడమంటే వినకపోవడమే. వలస కుటుంబాల్లో ఆమెకు తెలుగు రాకపోతే భర్తను దుబాసీగా వాడుకునే అలవాటు మరీ ఘోరం. ఫోన్‌లో ఆ భాష తెలిసిన సిబ్బందిని పట్టుకోవడం ఇవాళ పెద్ద పనేమీ కాదు.

మహిళా కానిస్టేబుల్ ఉంటే మేలు. రాత్రి పెట్రోలింగ్‌లో చాలా వాహనాల్లో ఉండరన్నది నిజం, కాని ఉండరన్న సాకుతో దెబ్బలు చూడకుండా వెళ్లడానికి వీల్లేదు. స్టేషన్ నుంచి పిలిపించేదాకా ఒకరు అక్కడ ఆగవచ్చు, లేదా ముఖం, చేతులు, మెడ వంటి బయటికి కనిపించే భాగాలను చూసి, ఆమె అనుమతితో ఫొటో తీసి, మిగతాది డాక్టరుకు వదిలేయవచ్చు. చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. ముంజేతుల బయటి వైపు కమిలి ఉంటే ఆమె తలకు చేతులు అడ్డం పెట్టుకుందని అర్థం. కొత్త దెబ్బ ఎర్రగా ఉండి, తరువాత నీలంగా మారి, రోజులు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. ఒకే ఒంటి మీద ఈ రంగులన్నీ కనిపిస్తే ఆ ఇంట్లో జరిగేది ఒక్కరాత్రి కోపం కాదని చెప్పడానికి వేరే సాక్షి అక్కర్లేదు.

మెడ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గొంతు నులిమినప్పుడు చాలాసార్లు బయటికి గుర్తు కనిపించదు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, కంటి తెల్లగుడ్డులో సన్నని ఎర్ర చుక్కలు, ఆ సమయంలో తెలియకుండా మూత్రం పడిపోవడం, కొంతసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, ఇవే గుర్తులు. 'ఎక్కడ కొట్టాడు' అని అడిగితే ఈ సంగతి ఆమె చెప్పదు, ఎందుకంటే నులమడం ఆమె లెక్కలో కొట్టడం కాదు. 'ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా, ఊపిరి ఆడలేదా' అని నేరుగా అడగాలి. భర్త చేతిలో హత్యకు గురైన స్త్రీల విషయంలో అంతకుముందు గొంతు నులిమిన ఘటనలు చాలా ఎక్కువగా కనబడతాయని వివిధ దేశాల పరిశోధనలు చెబుతున్నాయి, నేను చూసిన కేసులూ అదే చెబుతాయి. ఆమె అవునంటే ఆ రాత్రే ఆసుపత్రికి పంపాలి, ఆ రాత్రికి ఆ ఇంట్లో ఉంచకూడదు. చంపే ఉద్దేశం కనిపించే పరిస్థితుల్లో అది హత్యాయత్నం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 109 కింద పరిశీలించవలసిన విషయం.

ఆసుపత్రికి పంపడమంటే ఆటో ఎక్కించి పంపడం కాదు. స్టేషన్ నుంచి మెడికల్ మెమో రాసి, సిబ్బందిలో ఒకరిని తోడిచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. అక్కడి డ్యూటీ డాక్టరుకు దెబ్బ ఎలా తగిలిందో, ఎవరు కొట్టారో ఆమె తన నోటితో చెప్పాలి. 'మెట్ల మీద జారిపడ్డాను' అని ఆ రిజిస్టరులో ఒకసారి నమోదైతే, మూడేళ్ల తరువాత కోర్టులో డిఫెన్స్ న్యాయవాది మొదట తెరిచేది ఆ పేజీనే. వెంట వచ్చిన అత్తింటివారి సమక్షంలో ఆమెచేత ఆ మాట చెప్పించకుండా చూడడమే తోడు వెళ్లిన కానిస్టేబుల్ చేసే అసలైన పని.

పిల్లల సంగతి. వారి చేత తండ్రి మీద సాక్ష్యం చెప్పించనవసరం లేదు. కాని వారు ఏ గదిలో ఉన్నారు, ఒంటి మీద దెబ్బలున్నాయా, ఏం చూశారు అన్నది తెలుసుకోవాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అధికారం. ఇక్కడే ప్రజలకూ పోలీసులకూ మధ్య అపార్థం మొదలవుతుంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చినా ఈ విషయంలో మూలసూత్రం మారలేదు. చేత్తో కొట్టి సాధారణ గాయం చేయడం న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది, పాత శిక్షాస్మృతిలో 323. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు చేయడానికి వీలులేని నేరం అది, బెయిలు ఇవ్వదగ్గది. సమాచారాన్ని డైరీలో రాసి బాధితురాలిని కోర్టుకు వెళ్లమని చెప్పడం వరకే స్టేషన్ చేయగలదు. కాబట్టి చెంప వాపు మాత్రమే చూసిన కానిస్టేబుల్‌కు 'కేసు కాదు' అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అతని చదువు అక్కడితో ఆగిపోవడమే ఇబ్బంది. కత్తి, కర్ర, మరిగే నీళ్లు వంటి వాటితో గాయపరిస్తే 118, ఎముక విరిగినా, పన్ను ఊడినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, మామూలు పనులు చేసుకోలేకపోయినా 117(2). ఇవి పోలీసు నేరుగా నమోదు చేయవలసిన నేరాలు, వీటికి పక్కింటివారి సమాచారమైనా సరిపోతుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది పాత 498ఏ, ఇప్పటి 85, 86 సెక్షన్లు. అది వరకట్నం కేసులకే వర్తిస్తుందన్న నమ్మకం ప్రజల్లోనే కాదు, పోలీసుల్లోనూ పాతుకుపోయింది. చట్టంలో రెండు భాగాలున్నాయి. కట్నం కోసమో, ఆస్తి కోసమో వేధించడం అందులో ఒకటి మాత్రమే. స్త్రీని ఆత్మహత్యకు పురికొల్పేంత, లేదా ఆమె ప్రాణానికో, అవయవానికో, శారీరక మానసిక ఆరోగ్యానికో తీవ్రమైన హాని కలిగించేంత ప్రవర్తన కూడా క్రూరత్వమే, అక్కడ కట్నం ప్రసక్తే అవసరం లేదు. తాగి వచ్చి వారం వారం కొట్టే భర్త ఈ నిర్వచనంలోకి వస్తాడు. అయితే ఈ నేరంలో ఒక షరతు ఉంది. ఫిర్యాదు ఆమె ఇవ్వాలి, లేదా రక్తసంబంధం వల్లనో, పెళ్లి వల్లనో, దత్తత వల్లనో ఆమెకు బంధువైనవారు ఇవ్వాలి. మీరు పక్కింటివారు కాబట్టి మీ మాట మీద ఈ సెక్షన్ కింద కేసు నమోదు కాదు. ఆమె తల్లో, అన్నో మరో ఊళ్లో ఉన్నా ఇవ్వవచ్చు. ఆమె పుట్టింటికి చేరుకుంటే అక్కడి స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన పరిధి కాదని తిప్పి పంపే స్టేషన్‌కు ఇక ఆ సాకు కూడా లేదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది.

మరి అరెస్టు ఎందుకు చేయరు? 2014 జులైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి, ఏడేళ్ల లోపు శిక్ష గల నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కారణాలు రాసి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పాత 41ఏ నోటీసే ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3) నోటీసు. ఈ తీర్పును మా శాఖలో చాలామంది తమకు నచ్చినట్టు చదువుకున్నారని మాత్రం చెప్పక తప్పదు. అరెస్టు వద్దన్న చోట కేసు నమోదే వద్దన్నట్టు, నోటీసు ఇచ్చాక ఇక తమ బాధ్యత తీరినట్టు ప్రవర్తించేవారు తయారయ్యారు. తీర్పులో అలాంటిదేమీ లేదు. మళ్లీ అదే నేరం చేయకుండా ఆపడం, సాక్షులను బెదిరించకుండా చూడడం అనేవి అరెస్టుకు చట్టం అంగీకరించే కారణాలే. భార్యను పదే పదే కొట్టేవాడి విషయంలో ఇంతకంటే సరిపోయే కారణం ఏముంటుంది? కాని ఆ కారణాన్ని మేజిస్ట్రేటుకు చూపాలంటే కాగితం కావాలి. ఫలానా తేదీన 100కి కాల్ వచ్చింది, వెళ్లి చూడగా పెదవి చిట్లి ఉంది, ఫలానా మాటలతో బెదిరించినట్టు ఆమె చెప్పింది అని మునుపటి రెండు సార్లు డైరీలో రాసి ఉంటే, మూడోసారి అరెస్టుకు ఆధారం దొరుకుతుంది. 'ఇరువురికీ నచ్చజెప్పడమైనది' అన్న ఒక్క వాక్యంతో ప్రతిసారీ కాల్‌ను మూసేస్తే, పదిసార్లు వెళ్లి వచ్చినా ఫైలులో ఏమీ ఉండదు. ఆ వాక్యాన్ని నేను లెక్కలేనన్ని డైరీల్లో చదివాను, దాని వెనుక ఎన్ని విరిగిన పళ్లున్నాయో డైరీ చెప్పదు.

అరెస్టుకు, ఊరికే వెళ్లిపోవడానికి నడుమ చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. ఆ రాత్రే పెద్ద నేరం జరిగేట్టు కనిపిస్తే అదే సంహిత 170 కింద అతన్ని అదుపులోకి తీసుకుని ఇరవై నాలుగు గంటల లోపు ఉంచవచ్చు. శాంతికి భంగం కలిగిస్తున్నాడని 126 కింద తహసీల్దారు ముందు, కమిషనరేట్లలోనైతే ఆ అధికారం ఉన్న పోలీసు అధికారి ముందు బైండోవర్ చేయవచ్చు, అంటే ఇకపై గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవచ్చు. పూచీకత్తు సొమ్ము పోతుందన్న భయం కొందరి మీద కోర్టు కేసు కంటే బాగా పనిచేస్తుందని నా అనుభవం, అందరి మీదా కాదు.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం గురించి అందరూ వినే ఉంటారు. అది 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. అందులోని 5వ సెక్షన్ నేరుగా ఆ గుమ్మం దగ్గరికి వచ్చిన కానిస్టేబుల్‌ను ఉద్దేశించినదే. ఘటనా స్థలంలో ఉన్న పోలీసు అధికారి ఆమెకు ఐదు సంగతులు చెప్పాలి. రక్షణ, నివాసం, భరణం, పిల్లల సంరక్షణ, పరిహారం కోసం మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, సహాయం చేసే సంస్థలున్నాయనీ, రక్షణాధికారి ఉన్నారనీ, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందనీ, 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఉందనీ తెలియజేయాలి. ఇది కానిస్టేబుల్ దయ కాదు, చట్టం విధించిన బాధ్యత. ఒక చిన్న కార్డు మీద అచ్చువేయించి పెట్రో కార్లలో ఉంచితే సగం పని అవుతుంది, కానీ ఆ కార్డును భర్త ఎదుట ఆమె చేతిలో పెడితే ఆ రాత్రి మళ్లీ దెబ్బలు తప్పవు కాబట్టి ఎలా ఇవ్వాలో కూడా నేర్పాలి. రక్షణాధికారి అంటే మన రాష్ట్రాల్లో స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారి. వారు తయారుచేసే గృహహింస ఘటన నివేదిక మేజిస్ట్రేటుకు వెళుతుంది. రక్షణ ఉత్తర్వు వచ్చాక అతను దాన్ని మీరితే కథ మారిపోతుంది, ఎందుకంటే ఉత్తర్వు ఉల్లంఘన పోలీసు నేరుగా చర్య తీసుకోదగ్గ, బెయిలు ఇవ్వడానికి వీలులేని నేరం, ఆమె ఒక్కతే చెప్పినా కోర్టు నమ్మవచ్చు. అందుకే ఉత్తర్వు నకలు స్టేషన్‌కు చేరిందో లేదో ఆమె తరఫువారు స్వయంగా కనుక్కోవాలి, చాలాచోట్ల అది కోర్టు నుంచి స్టేషన్‌కు నత్తనడకన వస్తుంది.

ఇంత చెప్పాక అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాను. విడిగా అడిగినా ఆమె 'ఫిర్యాదు లేదు సార్' అంటుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లైన స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో ఏదో ఒక హింసను ఎదుర్కొన్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో ఎవరినైనా సహాయం అడిగినవారు 14 శాతమే. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ఆ ఇళ్లలోనే పెరిగి పోలీసైనవాడు ఆ ఆలోచనను గుమ్మం బయట విప్పి లోపలికి రాడు. ఆమె వద్దనడానికి కారణాలు కూడా పిచ్చివి కావు. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి, పొద్దున పిల్లల బడి ఫీజు ఎవరు కడతారు, ఇంట్లో పెళ్లికాని చెల్లెలు ఉంటే సంబంధాలు ఏమవుతాయి అన్న లెక్కలు వేసుకున్నాకే ఆమె వద్దంటుంది. కాబట్టి 'ఫిర్యాదు ఇస్తావా, ఇవ్వవా' అన్నది ఆ రాత్రి అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. ఈ రాత్రి ఇక్కడ ఉండడానికి భయంగా ఉందా, వెళ్లడానికి ఎవరున్నారు, చంపుతానని ఎప్పుడైనా అన్నాడా అని అడగాలి. వెళ్లే చోటు లేకపోతే సఖి కేంద్రం ఉంది, అక్కడ ఐదు రోజుల వరకు తాత్కాలిక వసతి, వైద్యం, న్యాయ సలహా దొరుకుతాయి. హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసులు నడిపే భరోసా సహాయ కేంద్రం కూడా ఉంది. ఆమె ఇవేవీ వద్దని ఇంట్లోనే ఉంటానంటే ఆ నిర్ణయాన్ని గౌరవించి, చూసినదంతా రాసి, మరుసటి రోజు మహిళా సిబ్బంది చేత పగటిపూట, భర్త పనికి వెళ్లిన వేళ ఒకసారి మాట్లాడించాలి. రాత్రి నోరు విప్పనివారు మధ్యాహ్నం విప్పడం నేను చాలాసార్లు చూశాను.

కౌన్సెలింగ్ గురించి వాదనలు చాలా ఉన్నాయి. వైవాహిక తగాదాల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన లలితా కుమారి తీర్పులోనే ఉంది, దానికి కాలపరిమితి కూడా పెట్టారు. మాటలు పడని జంటలకు, అత్తాకోడళ్ల తగాదాలకు, చేయి చేసుకోవడం లేని చోట్ల కౌన్సెలింగ్ మంచి ఫలితమే ఇస్తుంది. చెయ్యి లేచిన చోట, ముఖ్యంగా దెబ్బలు కళ్లకు కనిపిస్తున్న చోట, కొట్టినవాడినీ తిన్నదాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి 'ఇకపై కొట్టను' అని తెల్లకాగితం మీద సంతకం తీసుకోవడాన్ని మాత్రం నేను ఎన్నడూ సమర్థించలేను. ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు, ఇంట్లో దాని ధర ఆమే కడుతుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువారి ద్వారా '911కి చేస్తే వెంటనే బేడీలు వేస్తారు, మన పోలీసులు ఎందుకు వేయరు' అన్న మాట తరచుగా వింటుంటాను. అక్కడి చాలా రాష్ట్రాల్లో నేరం జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే, భార్య వద్దన్నా అరెస్టు చేయాలన్న చట్టాలు 1980ల నుంచి వచ్చాయి. మినియాపోలిస్ నగరంలో జరిగిన ఒక పరిశోధన, అరెస్టు చేస్తే మళ్లీ కొట్టడం తగ్గుతుందని 1984లో చెప్పడం దానికి ఒక కారణం. అదే పరిశోధనను ఒమాహా, మిల్వాకీ వంటి నగరాల్లో మళ్లీ చేసినప్పుడు ఫలితాలు అంత సూటిగా రాలేదు. ఉద్యోగం ఉన్నవాళ్లు భయపడ్డారు, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్లలో కొందరు తిరిగి వచ్చి మరింత కొట్టారు. ఆ రాత్రి అరెస్టు ఒక్కటే మందు కాదని నేననడానికి నా అనుభవంతోపాటు ఇది కూడా కారణం.

ఇలాంటి కాల్స్ అన్నీ భార్యాభర్తల మధ్యవే కావు. తాగొచ్చి తల్లిదండ్రులను కొట్టే కొడుకుల కేసులు పట్టణాల్లో పెరిగాయి. వారికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, 14567 వృద్ధుల సహాయవాణి ఉన్నాయి. భర్తే బాధితుడైతే గృహహింస చట్టం వర్తించదు గాని గాయం చేసిన సెక్షన్లు వర్తిస్తాయి, అతన్ని చూసి నవ్వే కానిస్టేబుల్‌ను క్షమించనవసరం లేదు.

ఇప్పుడు మీరు చేయవలసినది. మళ్లీ చప్పుడు వినిపిస్తే మళ్లీ ఫోన్ చేయండి. ప్రతి కాల్‌కూ కంట్రోల్ రూమ్‌లో ఒక నమోదు మిగులుతుంది, పైన చెప్పిన కాగితంలో మీ వంతు అదే. తేదీ, సమయం, విన్న మాటలు మీ దగ్గర రాసి ఉంచుకోండి. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి ఉంటే దాన్ని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఇవ్వడానికి ఆ ఫోన్ కావాలి. పగటి పూట ఆమె ఒంటరిగా కనిపించినప్పుడు సలహాలు ఇవ్వకుండా, 181 మహిళా సహాయవాణి నంబరు ఉందనీ, అవసరమైతే మీ తలుపు కొట్టవచ్చనీ మాత్రం చెప్పండి. గృహహింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు, సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి సివిల్‌గా గాని క్రిమినల్‌గా గాని బాధ్యత ఉండదని ఆ చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. మీ జిల్లా కలెక్టరేట్‌లో అడిగితే ఆ అధికారి కార్యాలయం చూపిస్తారు.

పోలీసులు మళ్లీ వచ్చినప్పుడు, ఆ ఇంటి నుంచి బయటికి వచ్చి వాహనం ఎక్కబోయే ముందు, ఆ ఇంటి కంట పడకుండా వీధి మలుపులో ఆగి మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. ఆమెతో విడిగా మాట్లాడారా, దెబ్బలు చూశారా, జనరల్ డైరీలో నమోదు చేస్తారా. ఒకవేళ ఫిర్యాదు ఇచ్చినా స్టేషన్ నమోదు చేయకపోతే ఆమె దాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి లేదా కమిషనర్‌కు పోస్టులో పంపవచ్చు, అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. పోస్టు రసీదును ఆమె ఇంట్లో కాకుండా మీ ఇంట్లో దాచిపెట్టండి.